కాగితం మీద పిల్లికూతలు

గాజువాక,
జూలై.

మరదలు పిల్ల నీలిమకి,

మేం బాగున్నాం. నువ్వు బాగుంటే బాగున్నట్టు రాయి, లేకపోతే లేనట్టు రాయి. ఫోనులో అడిగితే "మీటింగులో ఉన్నా వదినా, మళ్ళీ చేస్తా" అంటావు. నీ మళ్ళీ ఎప్పటికీ రాదు. ఇటు నా సంగతి చూస్తే, రొయ్యల షెడ్డులోకి అడుగు పెట్టగానే ఫోను లాకర్లో పెట్టించేస్తారని నాకంటూ ఫోనే పెట్టుకోలేదు. ఇంట్లో మీ అన్నయ్య ఫోనుందిగా అంటావేమో, అది స్టీలు ప్లాంటు బస్సులో కిందపడి మూగదైపోయింది. అవతలివాళ్ళ మాట మనకి వినిపిస్తుంది, మన మాట వాళ్ళకి వినపడదు. అంచేత ఇకమీదట ఉత్తరాలు రాసుకుందాం. టెన్తులో నా చేతిరాతకి బహుమతి ఇచ్చారు. ఆ తర్వాత సరుకుల చీటీకి తప్ప ఆ రాత ఎందుకూ పనికిరాలేదు. నవ్వకు.

ఇక్కడి కబుర్లు. మూడో అంతస్తు ఇల్లు ఖాళీ చేసి అదే వీధిలో కింద వాటాలోకి దిగాం. పైన గాలి బాగుండేదని మీ అన్నయ్య ఒకటే గొణుగుడు. రోజూ మెట్లెక్కేది నేనా, ఆయనా? షెడ్డులో నన్ను లైన్ లీడర్ని చేసి ఏప్రిల్ నుంచి తలలు తీసే బల్ల మీంచి రొయ్యలు ఉడకబెట్టే హాలుకి మార్చారని చెప్పాను కదా. తెల్ల టోపీ పోయి నీలం టోపీ వచ్చింది. మెడలో ఫొటో కార్డు. మన ఇళ్ళలో ఆడదాని పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడుందిలే. ఆ కార్డు వేసుకుని కంపెనీ బస్సు ఎక్కుతుంటే నాకు నేనే గొప్పగా కనిపిస్తాను.

నేను పోగుచేసి ఇచ్చిన రక్తాలు భద్రంగా చేరాయా? ఉబ్బసం వాళ్ళు బోలెడుమంది వస్తున్నారు, ఏ జబ్బూ లేనివాళ్ళు దొరకడం లేదు వదినా అని నువ్వు ఏడుపు మొహం పెట్టుకుంటే మన ఊరు పద్మనాభం నుంచి, మా షెడ్డు నుంచి ఆటోలకెత్తి తెచ్చాను. జబ్బున్నవాడు డాక్టరు కోసం వస్తాడు. లేనివాడు సూదికి చెయ్యెందుకు చాపుతాడు? అప్పాయమ్మ పిన్ని ఇప్పటికీ "నా నెత్తురు ఇమానం ఎక్కిందట" అని ఊరంతా చెప్పుకు తిరుగుతోంది.

కొంచెం మెడ నెప్పి. మూడు తలగడలు పెట్టుకుని పడుకుంటున్నాను. అంతకు మించి ఏం లేదు. వేళకి తిను.

నీ వదిన
ధనలక్ష్మి


పుణె,
ఆగస్టు.

వదినా,

నీ ఉత్తరం రెండు రోజులు కోటు జేబులో పెట్టుకు తిరిగాను. ల్యాబులో అందరూ అదేమిటని అడిగారు. మా వదిన ఉత్తరం రాసిందంటే మ్యూజియంలో వస్తువుని చూసినట్టు చూశారు.

రక్తాలు చేరాయి. మంచులో గడ్డకట్టించి తెచ్చిన కణాలు మళ్ళీ ప్రాణం పోసుకుని లేచాయి కూడా. కానీ నాకు కాలు నిలవడం లేదు. కణాల్ని ఒక్కొక్కటిగా చూసి లెక్కపెట్టే యంత్రం ఇక్కడ ఒక్కటే ఉంది. నా వంతు వచ్చేసరికి ఎవరో పెద్దవాళ్ళ మనిషి వచ్చి కూచుంటాడు. వరండాలో అటూ ఇటూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీస్తున్నాను. మా డైరెక్టరు గురునాథరావు గారు వారానికోసారి మెయిలు పెట్టి "ఏమైనా తేలిందా" అని అడుగుతారు. మార్చితో నా కాంట్రాక్టు అయిపోతుంది. ఈలోగా కొత్త సంగతి ఒకటి చేతిలో ఉంటే పర్మనెంటు పోస్టు ఇంటర్వ్యూకి పిలుస్తారు. లేకపోతే పన్నెండేళ్ళ చాకిరీ మూట కట్టుకుని ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లో నీట్ పిల్లలకి జువాలజీ చెప్పుకోవాలి. నువ్వు నవ్వుతావు, నాకు మాత్రం అదే కలలోకి వస్తోంది.

చేస్తున్న పనేమిటని అన్నయ్య అడిగితే ఇలా చెప్పు. ఉబ్బసం వాళ్ళ ఊపిరిగొట్టాల్లో దుమ్మో బూజో పడగానే ఒంట్లో కాపలా కాసే కణాలు దొంగ పడ్డాడనుకుని గోల చేస్తాయి. ఆ గోలకి గొట్టం వాచిపోతుంది, గాలి ఆడదు. ఆ గోల ముందు ఏ కణం మొదలుపెడుతుందో నేను వెతుకుతున్నాను. రక్తం పోసిన గొట్టాల మీద పేర్లుండవు. జబ్బున్నవాళ్ళు 'ఎ', లేనివాళ్ళు 'సి', పక్కన ఒక అంకె. ఎవరు ఎవరో విశాఖలో రక్తాలు తీయించే అశోక్‌కి తప్ప ఎవరికీ తెలియదు. నాకు తెలిస్తే నేను చూడాలనుకున్నదే చూస్తానని ఆ నియమం.

ఈమధ్య అమ్మ ఎక్కువగా గుర్తొస్తోంది. నూర్పిళ్ళ రోజుల్లో గుమ్మం పట్టుకుని నిలబడేది, గుర్తుందా? కూర్చుంటే ఊపిరాడేది కాదు. నువ్వు వెనకాల నిలబడి విసనకర్రతో విసిరేదానివి. పట్నం బస్సులో ఆనందపురం దాటకుండానే నీ ఒళ్ళో పోయింది. నేను హాస్టల్లో పరీక్ష రాస్తున్నాను. ఏ వ్యాసంలోనూ ఈ మాట రాయలేం కానీ నేను ఈ పని ఎందుకు చేస్తున్నానని ఎవరైనా అడిగితే నాకున్న జవాబు ఇదొక్కటే.

నీలిమ


గాజువాక,
సెప్టెంబరు.

నీలిమకి,

అత్తని గుర్తు చేశావు. ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు. నువ్వు హాస్టల్లో ఉండటమే మంచిదైంది. చూసినదాన్ని నేను చాలు.

చవితికి మా వీధిలో బొమ్మ పెట్టారు. ఊదొత్తులు, సాంబ్రాణి, టపాకాయలు. నేను దూరం నుంచే దణ్ణం పెట్టుకుని తలుపేసుకున్నాను. "ఏటే, దేవుడి మీద కూడా అలకేటి?" అని మీ అన్నయ్య వేళాకోళం చేశాడు. సందడి పడడం లేదన్నాను. వయసు మీద పడుతోందన్నాడు. ఆయనకి మాత్రం పడదు కాబోలు.

షెడ్డులో పని మహా జోరుగా ఉంది. కొత్త బాయిలరు పెట్టారు. మూత తీస్తే హాలంతా తెల్లగా అయిపోతుంది, పక్కనున్న మనిషి కనపడదు. మా సూపర్‌వైజరు దేవీప్రసాద్ మంచివాడే కానీ భయస్తుడు. ఎవరైనా దగ్గితే చాలు, ఆడిట్ వాళ్ళు చూస్తే లైసెన్సు పోతుందంటూ ఇంటికి పంపేస్తాడు. అలా వెళ్ళినవాళ్ళు మళ్ళీ రావడం నేను చూడలేదు.

ఇక్కడ ఆపి కాస్త కూర్చుని వచ్చాను. పొద్దున మొదలుపెట్టిన ఉత్తరం సాయంత్రమైంది, ఏం రాస్తున్నానో మరిచిపోయాను.

ఆఁ, నువ్వు ఆ కణాలతోనే కాపురం చేసేస్తావా, ఇంకేమైనా ఆలోచన ఉందా? నీ పక్క బల్ల మీద పనిచేసే మలయాళీ అబ్బాయి గురించి ఒకసారి చెప్పి ఊరుకున్నావు. వదినని, అడిగే హక్కుంది. అతనికి చేపల పులుసు ఇష్టమైతే చాలు, మిగతావి నేను చూసుకుంటాను.

నీ వదిన


పుణె,
అక్టోబరు.

వదినా, వదినా,

దొరికింది. ఏం దొరికిందో నాకే ఇంకా పూర్తిగా అర్థం కాలేదు, అయినా ముందు నీకే చెప్తున్నాను. మలయాళీ అబ్బాయి సంగతి తర్వాత.

నువ్వు తెచ్చిన జబ్బు లేనివాళ్ళలో సి-17 అని ఒక మనిషి ఉంది. ఆడమనిషి అన్నది ఒక్కటే నాకు తెలుసు. ఆమె కణాలు చూస్తే ముదిరిపోయిన ఉబ్బసం మనిషివి. విశాఖలో రక్తం తీసిన రోజునే, ఉబ్బసంలో పెరిగే ఇయోసినోఫిల్ కణాలు ఉండవలసినదానికి ఎన్నో రెట్లున్నాయి. నులిపురుగులున్నా అలా పెరుగుతాయి కదా అని అది కూడా చూశాం, లేవు. ఇక్కడ కాపలా కాసే టి-కణాలకి ఇంటి దుమ్ము చూపించాను, బొద్దింక పొడి చూపించాను, గడ్డి బూజు చూపించాను. వేటికీ కొత్తగా రేగలేదు. ఎందుకంటే ఏమీ చూపించకముందే అవి రేగిపోయి ఉన్నాయి. అయినా ఫారంలో చూస్తే ఆయాసం లేదు, పిల్లికూతలు లేవు, ఆయాసానికి నోట్లో పెట్టి పీల్చే పంపు ఎప్పుడూ వాడలేదు. ఊపిరి ఊదించిన పరీక్ష కూడా మామూలుగానే వచ్చింది.

అర్థమైందా? ఇల్లు అంటుకుంది, లోపల మనిషి హాయిగా అన్నం తింటోంది. అంటే ఆ ఒంట్లో ఏదో ఉంది, ఈ మంటని ఊపిరిగొట్టం దాకా రానివ్వకుండా అడ్డుకుంటున్నది. అది ఏమిటో పట్టుకుంటే మందు అటునుంచి చెయ్యొచ్చు. ఇన్నాళ్ళూ అందరం జబ్బున్నవాళ్ళలోనే వెతుకుతున్నాం.

గురునాథరావు గారికి మెయిలు పెట్టాను. మొట్టమొదటిసారి ఆయనే ఫోన్ చేశారు. జనవరిలో ఢిల్లీలో ఇంటర్వ్యూ, అక్కడ ఇదే చెప్పమన్నారు. ఒక్క మనిషైనా ఫర్వాలేదు, కొత్త ప్రశ్న కావాలి వాళ్ళకి అన్నారు. సి-17ని మళ్ళీ పిలిచి రక్తం తీయమని అశోక్‌కి చెప్పాను.

నువ్వు తెచ్చిన మనిషే వదినా. ఆమె ఎవరో తెలిస్తే వెళ్ళి కాళ్ళకి పసుపు రాసి వచ్చేదాన్ని. నిద్ర పట్టడం లేదు, ఆకలి వెయ్యడం లేదు, భలే ఉంది.

నీ నీలిమ


గాజువాక,
నవంబరు.

నీలిమకి,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. సగంలో ఆపి ఇంకోసారి నాలో నేను చదువుకున్నాను. నీ సంతోషం చూసి చాలా సంతోషించాను. అది నిజం. మిగతాది ఎలా రాయాలో తెలియక వారం రోజులు కాగితం ముందేసుకుని కూచున్నాను.

నాకు నీ చదువు లేదు కాబట్టి తెలియక అడుగుతున్నాను, కోప్పడకు. ఆ సి-17 మనిషి ఫారంలో సరిగ్గా చెప్పకపోయుంటే? అబద్ధమని కాదు. వెనకాల లైనులో తోటి పనివాళ్ళు నిలబడి ఉన్నారు. ముందు కూచుని అడిగే పిల్ల గట్టిగా "ఆయాసం ఉందా అమ్మా" అంటోంది. ఉందని అంటే వింటున్న చెవులన్నీ షెడ్డుదాకా మోస్తాయి. పైగా నీకు కావలసింది జబ్బు లేనివాళ్ళు. మనవాళ్ళ సంగతి నీకు తెలియనిదా? ఇంటిపిల్ల ఏదైనా కావాలని అడిగితే లేదనరు. పెరుగు లేకపోతే పక్కింట్లోంచి తెచ్చైనా పోస్తారు. ఆరోగ్యం కావాలని అడిగావు, ఆరోగ్యమే తెచ్చి ఇచ్చుంటారు.

ఊరికే అంటున్నాను. అశోక్ ఎవరికో ఫోన్ చేశాడని, ఆమె పని ఉందని చెప్పి రానందని షెడ్డులో అనుకుంటుంటే విన్నాను.

నీకు ఆ మనిషి ఎవరో తెలిస్తే ఏం చేస్తావు? పసుపు రాస్తానన్నావు. వేరే రకంగా తెలిస్తే?

వదిన


పుణె,
నవంబరు నెలాఖరు.

వదినా,

కోపంగా ఉన్నాను, నీమీద కాదు. ఆ సి-17 మహాతల్లి మీద. అశోక్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఇవాళ బస్సు తప్పిపోయింది, ఇవాళ చుట్టాలొచ్చారు, ఇవాళ ఒంట్లో బాలేదు అంటోందట. ఒక గొట్టం రక్తం, ఒక్క ఊపిరి, ఇవ్వడానికి ఏం పోయింది? ఇంతమంది ఉబ్బసంతో గుమ్మాలు పట్టుకుని నిలబడుతుంటే, దేవుడు ఆవిడ ఒక్కదానికే ఏదో వరం ఇస్తే దాన్ని కొంగున ముడేసుకు కూచుంది. స్వార్థం అంటే ఇదే.

నువ్వడిగిన ప్రశ్న నేనూ వేసుకున్నాను. ఫారంలో స్పష్టంగా "లేదు" అని ఉంది. ఊదిన పరీక్ష మామూలుగా వచ్చింది. అంతకన్నా ఏం సాక్ష్యం కావాలి? అబద్ధం చెప్తే ఆవిడకేం లాభం? మనవాళ్ళని మరీ అంత అమాయకుల్ని చెయ్యకు.

ఇంటర్వ్యూకి బొమ్మలన్నీ సిద్ధం చేశాను. మధ్యలో సి-17 గీత, ఎర్ర రంగులో. కళ్ళు మూసుకున్నా అదే కనిపిస్తోంది.

అన్నయ్య ఫోను ఇంకా బాగుచేయించలేదా? పోనీలే, ఉత్తరాలే బాగున్నాయి.

నీలిమ


గాజువాక,
డిసెంబరు.

నీలిమకి,

నీ కోపం చదివాను. ఆ మహాతల్లికి తగలవలసిందే.

చలి మొదలైంది. పొద్దున్న పరవాడ ఫ్యాక్టరీల వైపు నుంచి పొగ, మంచు కలిసి వస్తున్నాయి. బస్సు స్టాపు దాకా నడిచేసరికి మధ్యలో రెండుసార్లు ఆగి షాపుల బోర్డులు చదువుతున్నాను. ఒకే బోర్డు రోజూ చదివితే కిరాణా కొట్టువాడు అనుమానంగా చూస్తున్నాడు.

నీకు ఒక మనిషి గురించి చెప్పాలి. మా లైనులో శ్రీసత్య అని ఉంది. పాపం ఆ పిల్లకి ఆయాసం. షెడ్డులో ఉన్నంతసేపూ బిగబట్టుకుని ఉంటుంది. సాయంత్రం బస్సెక్కాక పిల్లికూతలు మొదలవుతాయి. ఆదివారం ఇంట్లో ఉంటే కాస్త నయం, సోమవారం మళ్ళీ మామూలే. నీలం పంపు టోపీలో దాచుకుని బాత్రూములోకి వెళ్ళి పీల్చుకుని వస్తుంది. ఇదివరకు రెండుసార్లు పీలిస్తే పూట గడిచేది, ఇప్పుడు గంట గడవడం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళవే అంటే, చీటీ మీద ఉబ్బసం అని రాస్తాడు, దేవీప్రసాద్ చూస్తే నీలం టోపీ తీసేసి ఇంటికి పంపిస్తాడని భయపడుతోంది. ఆ టోపీ కోసం చాలా ఏళ్ళు చూసిందిలే.

ఆమె ఏం చెయ్యాలో రాస్తావా? త్వరగా రాయి. ఆ పిల్ల కంగారు పడుతోంది.

నీ ఇంటర్వ్యూ బాగా జరుగుతుంది. అమ్మవారికి మొక్కుకున్నాను.

వదిన


పుణె,
డిసెంబరు.

వదినకి,

శ్రీసత్య గురించి రాసినది చదివాను. ఆమెకి నేను చెప్పానని ఈ మాటలు చెప్పు.

నీలం పంపు మందు కాదు, తలుపు తోసే చెయ్యి మాత్రమే. గొట్టం తెరుచుకుంటుంది కానీ లోపల వాపు అలాగే ఉంటుంది. ఆ వాపు తగ్గడానికి రోజూ పీల్చే వేరే పంపు ఉంది. దాన్ని డాక్టరు చూసి ఇవ్వాలి. గంట గంటకీ నీలం పంపు కావలసి వస్తోందంటే అది ప్రమాదం. వెంటనే వెళ్ళాలి, రేపు ఎల్లుండి అనకూడదు. ఆదివారం తగ్గి సోమవారం పెరుగుతోందంటే పని చేసే చోటే ఏదో ఉంది. ఆ ఆవిరి హాల్లోంచి ముందు బయటికి రావాలి.

పెద్దాసుపత్రిలో నాకు తెలిసిన డాక్టరు దేవిశ్రీ గారున్నారు. ఆమెకి మెసేజ్ పెట్టాను. శ్రీసత్య పేరు చెప్పి ఎవరు వెళ్ళినా చూస్తారు. ఎవరు వెళ్ళినా అన్నాను, గమనించు. వెంట అన్నయ్యని తీసుకెళ్ళమను.

ఆమెని కోప్పడకు. భయపడకమను.

ఇంటర్వ్యూ ఇంకో పదిహేను రోజుల్లో. నాకు ఏదీ సరిగ్గా పట్టుబడడం లేదు. మొన్న యంత్రం నా వంతు వస్తే వేరేవాళ్ళకి ఇచ్చేశాను. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

నీలిమ


పెద్దాసుపత్రి, విశాఖపట్నం,
జనవరి.

నీలిమా,

చేతికి సూది ఉంది, అక్షరాలు వంకరగా వస్తాయి. బహుమతి వెనక్కి తీసుకోమను.

శ్రీసత్యకి ఏ జబ్బూ లేదు. రెండు ప్లేట్లు బిర్యానీ తిని బాయిలరు పక్కన పాటలు పాడుతుంది. నీ ఉత్తరం అందింది. నీ ఇంటర్వ్యూ అయ్యేదాకా ఎలాగోలా నెట్టుకొద్దాం అనుకున్నాను. మంగళవారం పొద్దున్న కంపెనీ బస్సులో, ఇంకా షీలానగర్ రాకుండానే పంపు అయిపోయింది. తర్వాత గుర్తున్నది ఒకటే, కిటికీ కడ్డీ. దాన్ని పట్టుకుని నిలబడ్డాను. కూర్చోమంటుంటే కూర్చోలేదట. అత్త అలా ఎందుకు నిలబడేదో నాకు అప్పుడు తెలిసింది. డ్రైవరు గంగరాజు బస్సుని తిన్నగా ఆసుపత్రికి తోలేశాడు, నలభై మంది ఆడవాళ్ళతో సహా. నువ్వు చెప్పిన దేవిశ్రీ గారే చూశారు. ఇప్పుడు గండం గడిచింది.

ఆ సి-17 నేనే. రక్తం తీసే ఆఖరి రోజు నీకు ఒక మనిషి తక్కువైంది. నువ్వు బయట వరండాలో వాచీ చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నావు. నేను టీ గ్లాసులు కడుగుతున్నాను. గ్లాసులు పక్కన పెట్టి వెళ్ళి కూచున్నాను. అంతకు ముందే బాత్రూములో పంపు పీల్చి వచ్చాను, అందుకే నీ గొట్టంలో బాగా ఊదగలిగాను. ఎంత బాగా ఊదావమ్మా అని ఆ పిల్ల మెచ్చుకుంది కూడా.

నీకు సాయం చేశాననుకున్నాను. ఢిల్లీలో నువ్వు ఏం చెప్పావో, ఏం జరిగిందో. నా మూలాన నీ పని పాడైందంటే నేను తట్టుకోలేను. మీ అన్నయ్య పక్కనే ఉన్నాడు. "సెప్పెయ్యే, దాని కాడ దాసేదేటి" అంటున్నాడు. చెప్పేశాను.

ధనలక్ష్మి


పుణె,
జనవరి.

వదినా,

నీ ఉత్తరం వచ్చేసరికి దేవిశ్రీ గారు అంతా చెప్పారు. నువ్వు లేచి అన్నం తిన్నావని విన్నాకే నేను కూచోగలిగాను.

ఇది నువ్వు నిదానంగా చదువు. ఆ సి-17 నువ్వేనని నాకు డిసెంబరులోనే తెలుసు.

అశోక్ చెప్పలేదు. నీ ఉత్తరాలే చెప్పాయి. మెడ నెప్పి ఉన్నవాళ్ళు తలగడ తీసేస్తారు, మూడు పెట్టుకోరు. మూడో అంతస్తు దిగిపోయావు, సాంబ్రాణికి తలుపేసుకున్నావు, ఉత్తరం మధ్యలో ఆపి కూచున్నావు, షాపు బోర్డులు చదివావు. శ్రీసత్య ఉత్తరం చదివిన రోజు మిగతావన్నీ బల్ల మీద పరిచి చదివాను. పన్నెండేళ్ళుగా ఇదే జబ్బు చదువుతున్నదాన్ని, నాకు కనపడక కాదు. నవంబరులో నువ్వు సూటిగా అడిగినప్పుడు కూడా కనిపించింది. చూడదలుచుకోలేదు. అందుకే స్వార్థం అని ఎవరినో తిట్టాను.

ఫోన్ చేసి ఉంటే ఒక్క మాటలో తెలిసిపోయేది. పిల్లికూతలు ఫోనులో వినిపిస్తాయి, కాగితం మీద వినపడవు. నువ్వు అందుకే ఉత్తరాలు మొదలుపెట్టావు. నేను కూడా అందుకే ఉత్తరాలే బాగున్నాయన్నాను. వింటే సి-17 పోతుంది. డాక్టరు పేరు రాసి పంపి, నా బాధ్యత అయిపోయిందనుకుని ఢిల్లీ వెళ్ళాను. ఎర్ర గీత చూపించాను. ఈ మనిషిని ఏదో కాపాడుతోందని చెప్పాను. అందరూ తలలూపారు. ఆ రోజు మంగళవారం వదినా. నేను ఆ మాట చెప్తున్న పూట నువ్వు కిటికీ కడ్డీ పట్టుకుని ఉన్నావు.

పోస్టు నాకే వచ్చిందని గురునాథరావు గారు మెయిలు పెట్టారు. సి-17 విషయం తప్పని, ఇంటర్వ్యూలో చెప్పేనాటికే నాకు అనుమానం ఉందని ఆయనకీ, కమిటీకీ ఇవాళ రాసి పంపాను. జవాబు రాలేదు. వస్తుందని కూడా లేదు. ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లు ఎక్కడికీ పోవు.

నన్ను తినేస్తున్నది అది కాదు. నీ కణాల ముందు దుమ్ము పెట్టాను, బొద్దింక పెట్టాను, బూజు పెట్టాను. రొయ్య పెట్టలేదు. రోజంతా నువ్వు ఆ ఆవిరిలో నిలబడతావని తెలిసి కూడా ఆ ఆలోచనే రాలేదు. నా దృష్టిలో నువ్వు ఎప్పుడూ రక్తాలు తెచ్చే మనిషివే కానీ రక్తం ఉన్న మనిషివి కాదు. మొన్న నీ కణాలు ఇంకో గొట్టం మిగిలి ఉంటే తీసి రొయ్య పెట్టి చూశాను. ఏమైందో నువ్వు ఊహించగలవు.

అమ్మ పోయినప్పుడు నేను అక్కడ లేను. ఈసారి ఉండవలసింది, ఉండి కూడా వినలేదు. నన్ను క్షమించమని అడగను. నువ్వు వెంటనే క్షమించేస్తావు, మనవాళ్ళ సంగతి తెలిసిందే.

రైలు శుక్రవారం. ఈలోగా ఫోన్ చెయ్యి. ఏమీ మాట్లాడక్కర్లేదు.

నీలిమ


గాజువాక,
జనవరి.

మరదలు పిల్లకి,

ఇంటికొచ్చాను. నువ్వు అక్కడ బయల్దేరేలోపు ఈ ఉత్తరం అందుతుందో లేదో, అయినా రాస్తున్నాను. మొదలుపెట్టినదాన్ని నేనే ముగించాలి.

మేం బాగాలేం. చూశావా, మొదటిసారి లేనట్టు రాశాను. నీ మీద కోపం వచ్చింది. ఒక పూటంతా ఉంది. తెలిసి కూడా ఢిల్లీ వెళ్ళిందా అని గోడవైపు తిరిగి పడుకున్నాను. తర్వాత చూస్తే నేను చేసిందీ అదే కదా, తెలిసి కూడా బస్సెక్కాను. ఇద్దరం ఒకే తొట్టిలో నీళ్ళు తాగినవాళ్ళం.

నీలం టోపీ పోయింది. దేవీప్రసాద్ వచ్చి తలొంచుకుని చెప్పాడు, ప్యాకింగులో కూచోబెడతానన్నాడు, పైవాళ్ళు ఒప్పుకుంటే. ఏడ్చాను. ఏడిస్తే ఆయాసం వస్తుందని మీ అన్నయ్య తిట్టాడు. ఇంకో మాట. ఆసుపత్రికి నన్ను చూడ్డానికి వచ్చిన షెడ్డు ఆడవాళ్ళలో నలుగురు ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు నా తలగడ దగ్గర వంగి ఒకటే అడిగారు, "అక్కా, ఆ రెండో పంపు పేరేటి?" అని. నువ్వు రా. ఈసారి ఫారం లైనులో నిలబెట్టి గట్టిగా అడగొద్దు. ఒక్కొక్కళ్ళనే లోపలికి పిలిచి తలుపు వేసి అడుగు. ఆటో నేను మాట్లాడతాను. ముందు నా పేరు రాయి, ఆయాసం ఉంది అని రాయి. నీ 'సి' లోంచి తీసి నన్ను 'ఎ' లో వెయ్యి.

మీ అన్నయ్య ఫోనుకి ఏమీ కాలేదు. ఎప్పుడూ బాగానే ఉంది.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి వచ్చి నీకు ఫోన్ చేస్తాను. వీధి చివరిదాకా నడిచి వచ్చాక, ఆగకుండా, నీలం పంపు పీల్చకుండా చేస్తాను. ఏమీ మాట్లాడను. నువ్వు విను.

ధనలక్ష్మి